సన్న గీత

యాభై రెండేళ్ల వయసులో మళ్లీ కాలేజీ బల్ల ఎక్కితే, పాఠం సంగతి తర్వాత, ముందు మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో నేర్చుకోవాలి. ఆ బల్లలు పద్దెనిమిదేళ్ల వాళ్ల కోసం చేసినవి. ఆస్పత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న సీనియర్ వాటిలో ఎటు తిరిగినా ఇమడలేదు. సీనియర్ అన్నది ఆయన పేరు కాదు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ అలాగే పిలుస్తారు. ఇక్కడ తరగతిలో మాత్రం ఆయనే అందరికంటే జూనియర్. ఆ ముచ్చట తల్చుకుని మొదటి వారం తనలో తనే నవ్వుకున్నాడు. రెండో వారానికి నవ్వు రాలేదు.

ఆయన సరదా పడి చేరలేదు. రెండేళ్ల క్రితం ల్యాబులోకి జన్యు పరీక్షల మిషను వచ్చింది. దాని మీద పనిచేసేవాళ్లు జన్యుశాస్త్రంలో కనీసం ఒక కాలేజీ కోర్సు పాసై ఉండాలని ఇప్పుడు కొత్త రూలు పెట్టారు. లేకపోతే రిపోర్టు మీద సంతకం చేయడానికి వీల్లేదు. సంతకం లేని సీనియర్‌ని ఎవరు ఉంచుకుంటారు? డిగ్రీ మధ్యలో మానేసి పనిలో చేరిన మనిషి ఆయన. పని చేయించుకున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రూలు వచ్చాక అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

పక్క బల్ల అమ్మాయిని తరగతంతా మిరపకాయ్ అంటారు. పొట్టిది, నోరు పెద్దది. మొదటి రోజే "బాబాయ్, మీరు లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డాను, వేస్ట్ అయిపోయింది" అంది. ప్రాక్టికల్స్‌కి ఇద్దర్నీ జతగా వేశారు. ఆమె నోట్సు చక్కగా రాస్తుంది, ఈయన చెయ్యి వణక్కుండా కొలుస్తాడు. కుంటివాడూ గుడ్డివాడూ కలిసి నడిచినట్టు బాగానే సాగింది.

నాలుగో వారంలో మేడమ్ వంశవృక్షం గీయమంది. మేడమ్ ఆయనకంటే పదిహేనేళ్లు చిన్నది, చకచకా మాట్లాడుతుంది. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం, జబ్బు ఉంటే నలుపు, జబ్బు బయటపడకుండా లోపల మోసేవాళ్లకి, అంటే క్యారియర్లకి, సగం నలుపు. సీనియర్ తన చెల్లెలి కుటుంబం గీశాడు. ఆమె కొడుకు పుట్టుచెవిటివాడు. ఇప్పుడు పుస్తకాల బైండింగు షాపు నడుపుతున్నాడు. ఆ చతురస్రం పూర్తి నలుపు. మేనకోడలికి చెవులు బాగానే వినిపిస్తాయి గానీ క్యారియర్. ఆ పరీక్ష ఆయన చేతుల మీదుగానే జరిగింది. అందుకని ఆ గుండ్రం సగం నలుపు. బావగారి చతురస్రం సగం నలుపు. చెల్లెలి గుండ్రం ఖాళీగా వదిలేశాడు.

మేడమ్ వంగి చూసింది. "మీ చెల్లెలు ఖాళీగా ఉన్నారేంటండీ?"

"అది మా బావగారి వైపు నుంచి వచ్చింది మేడమ్. మా వైపు అలాంటివేం లేవు."

"ఒక్క వైపు నుంచి వస్తే బాబు క్యారియర్ అవుతాడు గానీ చెవుడు రాదు కదండీ. అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి, రెండూ చేరితేనే వస్తుంది. మీ చెల్లెలు కూడా క్యారియరే. అంటే మీ అమ్మగారో నాన్నగారో కూడా. ఆ లెక్కన మీకూ సగానికి సగం అవకాశం ఉంది."

ఈ లెక్క ఆయనకి తెలియనిది కాదు. రెండేళ్లుగా ఎందరికో చెప్పిన లెక్కే. ఊరందరికీ చెప్పి, సొంత ఇంటికి వేసుకోలేదు. దీపం కిందే చీకటి అంటే ఇదే. ఇరవై ఏడేళ్లుగా ఇంట్లో ఏ మాట వచ్చినా "మీ వైపు నుంచి వచ్చిందేగా" అని అందరూ కలిసి బావగారి నోరు మూయించారు. పాపం, ఆ మనిషి ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

చెల్లెలి గుండ్రంలో సగం నలుపు దిద్దుతుంటే మేనకోడలి సంబంధం గుర్తొచ్చింది. ఒక లెక్కల మాష్టారు, ఆమె ఒకళ్లనొకళ్లు ఇష్టపడ్డారు. అతని పెదనాన్న కొడుక్కి కూడా చెవుడు ఉంది. పెళ్లికి ముందు పరీక్ష చేయిద్దామని పట్టుబట్టింది సీనియరే. ఇద్దరి బుగ్గల లోపల పత్తిపుల్లతో రాసి, ఆ కాస్త తడిలోంచి జన్యువు తీసి, మిషన్లో పెట్టాడు. మామూలు మనిషికి ఒక గీత వస్తుంది, క్యారియర్‌కి రెండు గీతలు. ఆమెకి రెండు వచ్చాయి. అతనికీ రెండు వచ్చాయి. ఒకటి సన్నగా ఉంది, కానీ ఉంది. నలుగురు పిల్లలు పుడితే ఒకరికి చెవుడు రావచ్చని రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. పెళ్లి ఆగిపోయింది. పదహారు నెలలైంది. మంచి పని చేశాననే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ.

ఆరో వారం పీసీఆర్ ప్రాక్టికల్. ఎవరి బుగ్గలోంచి వాళ్లు జన్యువు తీసుకుని, దాన్ని మిషన్లో కాపీలు చేయించి, జెల్లు అనే మెత్తటి పలక మీద గీతగా చూడాలి. ఒక కాపీ రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ముప్పై సార్లు తిరిగేసరికి నూరు కోట్లు దాటుతాయి. ప్రతి జతా తమ గొట్టాలతో పాటు వట్టి నీళ్ల గొట్టం కూడా ఒకటి పెట్టాలంది మేడమ్. దాంట్లో ఏమీ వెయ్యకూడదు. కాబట్టి ఏ గీతా రాకూడదు, వస్తే బయటి జన్యువేదో కలిసిందన్నమాట.

ఈ నీళ్ల గొట్టం సంగతి సీనియర్‌కి తెలుసు. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఉంది. నీళ్లని పరీక్షించడం ఏం తెలివి అని మొదటి నెలలోనే మానేశాడు. ఆయన కింద పనిచేసే జూనియర్ మాత్రం మానలేదు. ఆమె ముప్పై దాటిన మనిషి, పెద్ద ట్రైనింగు చేసొచ్చింది. మూతికి మాస్కు కట్టి, ప్రతిసారీ నీళ్ల గొట్టం పెట్టి, గంటసేపట్లో అయ్యే పనిని రెండు గంటలు చేస్తుంది. "అమ్మాయ్, ఆపరేషన్ ఏమైనా చేస్తున్నావా?" అని ఏడిపించేవాడు. ఆయన మాస్కు ఎప్పుడూ గడ్డం కిందే ఉండేది.

తరగతిలో పన్నెండు జతల నీళ్ల గొట్టాలూ శుభ్రంగా వచ్చాయి. పదమూడో జతకి గీత వచ్చింది. అది సీనియర్, మిరపకాయ్‌ల జత.

"బాబాయ్, నీళ్లక్కూడా జన్యువు పుట్టించారు మీరు" అంది మిరపకాయ్. తరగతంతా గొల్లుమంది. ఆయనకి ఒళ్లు మండింది. ఇరవై ఆరేళ్ల చెయ్యి ఇది. మళ్లీ చేస్తానన్నాడు. మళ్లీ గీత వచ్చింది. మూడోసారి మిరపకాయ్ ఒక్కతే చేసింది, రాలేదు.

"నా ముందు చెయ్యండి" అని మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన గొట్టం తీశాడు, మూత తెరిచాడు, పెదాల దగ్గరికి తెచ్చుకుని ఉఫ్ అని ఊదాడు, కొలిచి పోసే పిపెట్ అందుకున్నాడు.

"ఆగండాగండి. ఇప్పుడేం చేశారు?"

"ఏం చేశాను?"

నిజంగానే ఆయనకి తెలియలేదు. మొదటి ఉద్యోగంలో పని నేర్పిన ముసలి టెక్నీషియన్ దగ్గర పట్టుకున్న అలవాటు అది. అప్పట్లో కడిగి ఆరబెట్టిన గాజు గొట్టాల్లో దుమ్ము చేరేది. ఊదిన గొట్టం, కడిగిన గొట్టం ఒకటేరా అనేవాడు ఆ ముసలాయన. రక్తంలో చక్కెర చూడ్డానికి ఊదినా ఊదకపోయినా ఒకటే. అలా వేల గొట్టాలు ఊదాడు సీనియర్. ఒక్కటీ ఊదకుండా వదల్లేదు. అది ఆయన శుభ్రత, ఆయన శ్రద్ధ.

"మీ నోటి తుంపర గొట్టంలో పడుతోంది. మీ జన్యువు నీళ్లలోకి వెళ్తోంది. కంటికి కనపడని ఆ కాస్తనీ మిషను నూరు కోట్లు చేసి చూపిస్తోంది" అంది మేడమ్. ఆమె నవ్వింది, పిల్లలు నవ్వారు, ఆయనా నవ్వాడు. "ఇకనుంచి బాబాయ్ నోటికి ప్లాస్టరు వేస్తాను మేడమ్" అని మిరపకాయ్ హామీ ఇచ్చింది.

మెట్లు దిగుతుంటే మూడో మెట్టు మీద రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. ఆస్పత్రిలోనూ ఊదుతున్నాడు. రెండేళ్లుగా ఊదుతున్నాడు. అక్కడ నీళ్ల గొట్టం లేదు. తనే గనక క్యారియర్ అయితే, తన రెండు గీతలూ ఎవరెవరి గొట్టాల్లో పడ్డాయో!

మర్నాడు డ్యూటీకి గంట ముందే వెళ్లాడు. మాస్కు ముక్కు మీదికి లాగి కట్టి, తన బుగ్గలోంచే పుల్లతో తీసుకుని, నీళ్ల గొట్టం పక్కన పెట్టి మిషను నడిపాడు. నీళ్లు శుభ్రం. ఆయన గొట్టంలో రెండు గీతలు.

అప్పుడు రిజిస్టరు తీశాడు. మేడమ్ నేర్పిన పద్ధతే, ఎవరు చేస్తే ఎంతమందికి ఏం వచ్చిందో విడగొట్టి రాశాడు. ఇద్దరి దగ్గరికీ ఒకేలాంటి మనుషులే వచ్చారు, ఇంట్లో ఎవరికో ఒకరికి చెవుడు ఉన్నవాళ్లు. జూనియర్ చేసిన నలభై ఒక్క పరీక్షల్లో నలుగురు క్యారియర్లు. తను చేసిన ఎనభైలో ఇరవై ఏడుగురు. చాలా పేర్ల పక్కన తన అక్షరాలతోనే "సన్న గీత" అని రాసి ఉంది. సన్నదైనా గీత గీతే, నా కన్ను తప్పించుకోలేదు అని అప్పట్లో జూనియర్ ముందు గొప్పలు పోయాడు. ఆ అక్షరాలు చూస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

మిగిలిన నమూనాలు మూడేళ్లపాటు ఫ్రీజర్లో దాచి ఉంచడం రివాజు. ఇరవై ఏడూ బయటికి తీసి నాలుగు రోజుల్లో మళ్లీ చేశాడు. "ఏంటి సీనియర్ గారూ, పాతవన్నీ తోడుతున్నారు?" అని జూనియర్ అడిగితే కోర్సుకి కావాలన్నాడు. ఎనిమిది మంది నిజంగానే క్యారియర్లు. పంతొమ్మిది మందికి ఒక్కటే గీత వచ్చింది. మేనకోడలు ఎనిమిది మందిలో ఉంది. లెక్కల మాష్టారు పంతొమ్మిది మందిలో ఉన్నాడు.

ఒక్కరు క్యారియరైతే పిల్లలకి ఏ భయమూ లేదు. ఆ పెళ్లి ఆగాల్సిన పని లేదు.

ఆ వారం ఆయన మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. భార్య అడిగితే పరీక్షల భయం అన్నాడు. "ఈ వయసులో మీకు పరీక్ష భయమేంటండీ, తప్పితే బడి మాన్పిస్తామా?" అని ఆవిడ నవ్వింది. కోర్సు చివరి పరీక్ష సోమవారం. పాసవుతాడని అందరికీ తెలుసు. మొన్న పెట్టిన పరీక్షలో నలభైకి ముప్పై ఎనిమిది వచ్చాయి. నోరు మూసుకుంటే కాగితం వస్తుంది, సంతకం వస్తుంది, రిటైరయ్యేదాకా సీనియర్ సీనియర్‌గానే ఉంటాడు. ఎవరూ ఏ గొట్టమూ తెరిచి చూడరు. ఇప్పుడు చెప్పి ఒరిగేదేముంది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే కదా అని ఒక మనసు. నీ వల్ల కాలినవి నీ చేతులు కావురా అని ఇంకో మనసు. ఈ రెండోదాన్ని ఆయన చాలాసేపు బుజ్జగించి చూశాడు. అది వినలేదు.

శనివారం మధ్యాహ్నం మేనకోడలు పనిచేసే కళ్లజోళ్ల షాపుకి వెళ్లాడు. ఆమె వెనక గదిలో అద్దాలు అరగదీస్తోంది. అద్దం మధ్యలో పెన్నుతో చుక్క పెట్టి, మిషన్లో బిగించి, నీళ్లు ధారగా పడుతుంటే అంచు నునుపు చేస్తోంది. ఆయన్ని చూసి మిషను ఆపింది.

"ఏంటి మామయ్యా, ఇక్కడికొచ్చావ్? అమ్మ బాగానే ఉందా?"

"అందరూ బాగానే ఉన్నారు. నీకో మాట చెప్పాలి అమ్మడూ."

కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఊదడం, తుంపర, నీళ్ల గొట్టం, అన్నీ చెప్పాడు. ఎక్కడా నీళ్లు నమల్లేదు. "అతని రిపోర్టు తప్పు. అతను క్యారియర్ కాదు. ఆ రెండో గీత నాది."

ఆమె చేతిలో అద్దాన్ని గుడ్డతో తుడిచింది. తుడిచినదాన్నే మళ్లీ తుడిచింది. "మరి నాది?"

"నీది నిజమే. కానీ ఒక్కరికే ఉంటే ఏం కాదు. మీ పిల్లలకి చెవుడు వస్తుందన్న భయమే లేదు." మీ పిల్లలు అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"అతనికి పెళ్లయింది మామయ్యా. ఆ అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల."

ఆ సంగతి ఆయనకి తెలియదు. ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

"అయినా భయం నాకెప్పుడుంది? అన్నయ్యతో చేతులతో మాట్లాడుతూనే పెరిగాను. నాకు పుట్టినవాడితో మాట్లాడలేనా? భయం మీ అందరిదీ" అంది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని ఆయనకి అనిపించింది. "పోనీ అది వదిలెయ్. నీకింకో సంగతి తెలీదు. అతను అడిగాడు నన్ను. వేరే ల్యాబులో ఇంకోసారి చేయిద్దాం, ఒక్కసారి అని బతిమాలాడు. నేనే వద్దన్నాను. మా మామయ్య చేసిన పరీక్షని అనుమానిస్తున్నావా అని పోట్లాడాను. మా మామయ్య చెయ్యి తప్పదు అన్నాను. ఆ పోట్లాటతోనే అయిపోయింది మామయ్యా మా ఇద్దరికీ. నీ రిపోర్టుతో కాదు."

ఆయన ఏడ్చాడు. యాభై రెండేళ్ల మనిషి, కళ్లజోళ్ల షాపు వెనక గదిలో, అద్దాల డబ్బాల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. దగ్గరికి రాలేదు. బయట కౌంటరు దగ్గర ఎవరో కళ్లజోడు అయిందా అని అడుగుతున్నారు. ఐదు నిమిషాలండీ అని ఇక్కణ్నుంచే కేకేసింది.

"ఎంతమందికిలా?" అంది ఆయన వైపు తిరిగి.

"పంతొమ్మిది."

"మిగతా పద్దెనిమిది మందికీ చెప్పావా?"

"లేదు. ముందు నీకు చెప్పాలని..."

"నాకు చెప్తే నీ మనసు తేలికపడుతుంది. అంతకంటే నాకేం పనికొస్తుంది ఇప్పుడు?" మిషను స్విచ్ మీద చెయ్యి పెట్టి ఆగింది. "వెళ్లు మామయ్యా. వాళ్లలో ఎవరైనా ఏదీ తేల్చుకోకుండా ఇంకా ఆగి ఉంటారేమో."

అక్కణ్నుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్లాడు. పెద్ద డాక్టరు ఇంటికి బయల్దేరుతున్నాడు. రిజిస్టరూ, కొత్త గీతల ఫొటోలూ ఆయన బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాడు. డాక్టరు బ్యాగు కింద పెట్టి, కాగితాలు ఒక్కొక్కటీ చూశాడు.

"ఎల్లుండేగా మీ పరీక్ష? ఈ సంగతి బయటికొస్తే ఆ కాగితం మీకెందుకూ పనికిరాదు సీనియర్. తెలుసా?"

"తెలుసు సార్."

"పోనీ, సోమవారం దాకా ఆగకపోయారా?"

"వాళ్లు ఆగి ఉంటారో లేదో తెలీదు సార్."

డాక్టరు ఆస్పత్రి ఫోను ఆయన వైపు జరిపాడు. సీనియర్ రిజిస్టరు తెరిచాడు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టబోయి ఆగాడు. చివరి నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. పాతవాళ్ల సంగతి ఎలాగూ తేలిపోయి ఉంటుంది. తప్పు రిపోర్టుల్లో అన్నిటికంటే కొత్తది పదకొండు రోజుల కిందటిది. ఆ నంబరు నొక్కి, అటువైపు ఎవరో హలో అనేదాకా వేలితో ఆ పేరు నొక్కి పట్టుకుని కూర్చున్నాడు.